మన నేలకు తగిన పశువు

(మన సంఘము ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగ శ్రవణము చేయుట మన పెద్దలు పెట్టిన ఆచారము. బెంగుళూరులో తరతరములుగా స్థిరపడినను ఆ ఆచారమును మనము విడువలేదు. ఆదాయ వ్యయములు, రాజపూజ్యావమానములు చదువుచున్నంతసేపు అందరమును చెవులు నిక్కించి విందుము. అదే పంచాంగములో ఈ యేడు పశుపాలకుడెవరు, గోష్ఠ ప్రాపకుడెవరు, గోష్ఠ బహిష్కర్త ఎవరు అని ఒక వాక్యము వచ్చును. అనగా పశువులను కాచువాడెవరు, దొడ్డిలోనికి తోలువాడెవరు, బయటికి విడుచువాడెవరు అని అర్థము. ఆ వాక్యము వచ్చునప్పటికి పట్టణవాసులమైన మనము ఉగాది పచ్చడి గిన్నెవైపు చూచుచుందుము. పశువు మన లెక్కలలోనుండి జారిపోయినది. జారిపోయిన ఆ వాక్యమే నేటి మా ప్రసంగ విషయము.

పశువు అనగానే నగరములో ఉన్నవారికి పాలు జ్ఞాపకము వచ్చును. పాల పొట్లము జ్ఞాపకము వచ్చుననుట మరింత సరియైన మాట. కాని మెట్ట సేద్యము చేసికొను రైతును అడిగి చూడుడు. దుక్కి దున్నుటకు ఎద్దు, ఎరువునకు పేడ, పిడకలు, బండికి కాడి, అప్పు తీర్చవలసి వచ్చినప్పుడు అమ్ముకొనుటకు ఒక కోడె, పిల్లలకు చెంబెడు పాలు, ఇవన్నియు కలిపి అతనికి ఒక పశువు. పాలు ఆ జాబితాలో ఒక పద్దు మాత్రమే. ఈ తేడా గుర్తుంచుకొననిచో నాటు పశువు విలువ ఎప్పటికిని బోధపడదు. పాలను ఒక్కదానినే తూచి, నాటు ఆవు తూగలేదని తీర్పు చెప్పుట, బండి ఎద్దును గుఱ్ఱపు పందెములో పెట్టి ఓడినదనుట వంటిది.

మొదట మనవలెనే పుట్టినచోటు విడిచి దూరదేశము పోయి స్థిరపడిన ఒక తెలుగు ప్రాణిని గూర్చి చెప్పుదుము. అది ఒంగోలు జాతి. గుండ్లకమ్మ, పాలేరు, మూసి నదుల పరిసరములలో, నేటి ప్రకాశము, గుంటూరు, నెల్లూరు ప్రాంతములలో పుట్టి పెరిగిన జాతి యిది. తెల్లని రోమము, దాని క్రింద నల్లని చర్మము, పొట్టి కొమ్ములు, ఎత్తయిన మూపురము, వ్రేలాడు పెద్ద గంగడోలు. బరువైన నల్లరేగడి దుక్కికి, బరువు బండ్లకు పెట్టినది పేరు.

1868లో ఒక ఓడ బ్రెజిల్ దేశపు సాల్వడార్ రేవున ఆగినప్పుడు అందులోని ఒంగోలు జత అక్కడ అమ్ముడుపోయినదని ఆ దేశమువారు చెప్పుకొందురు. 1878లో లెంగ్రూబర్ అను రైతు జర్మనీలోని హాంబర్గులో జంతువుల వర్తకుని వద్ద మరియొక జతను కొని తీసికొనిపోయినాడు. తరువాత ఏండ్ల తరబడి అప్పుడప్పుడు మరికొన్ని పోయినవి. చివరి పెద్ద దిగుమతి 1960ల మొదటి సంవత్సరములలో జరిగినది. అన్ని జాతులును కలిపి మన దేశమునుండి బ్రెజిలుకు పోయిన మూపురపు పశువులు కొన్ని వేలు మాత్రమే. నేడు ఆ దేశములో ఇరువది కోట్లకు పైగా పశువులున్నవి. మాంసమునకు పెంచు మందలలో అత్యధిక భాగము ఈ జాతి రక్తము గలవే. అక్కడ వానిని నెలోర్ అందురు. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండెడిది. ఆ జిల్లా పేరే సముద్రము దాటి పలుకు మారి నెలోర్ అయినది.

ఒక ముఖ్యమైన సంగతి ఈ ప్రయాణములకు సంబంధించి ఉన్నది. 1920లో మన దేశమునుండి బ్రెజిలుకు పోవుచున్న పశువులు బెల్జియములోని ఆంట్‌వెర్ప్ రేవులో దిగినప్పుడు వానితోపాటు ముసర వ్యాధి దిగి ఆ దేశపు పశువులకు అంటుకొన్నది. ఆ భయముననే దేశములన్నియు కలిసి 1924లో పారిసు నగరములో పశురోగముల అంతర్జాతీయ సంస్థను స్థాపించుకొన్నవి. ఆ వ్యాధి లోకమునుండి పూర్తిగా తొలగినదని 2011లో ప్రకటించినారు. పశువును సముద్రము దాటించుట ఆటకాదని ఈ కథ చెప్పుచున్నది.

ఇంతకు బ్రెజిలువారు చేసినదేమి? వారు ఒంగోలు ఆవును పూజింపలేదు. దానికి పద్దు వ్రాసినారు. 1938 నుండి ఏ దూడకు తల్లి యేది, తండ్రి యేది అని వంశ పుస్తకములు పెట్టినారు. ఉబెరాబా పట్టణమున ఏటేట ప్రదర్శనలు, వేలములు జరుపుచున్నారు. ఏ ఆబోతు సంతానము ఎంత త్వరగా ఎదిగినది, ఏ ఆవు ఏటికొక దూడను ఈనినది అని తూచి, వ్రాసి, మంచివానినే ఉంచుకొన్నారు. 2023లో వియాటినా అను నెలోర్ ఆవులో మూడవ వంతు వాటాను వేలము వేయగా, ఆ లెక్కన దాని మొత్తము వెల నలువది లక్షల డాలర్లు దాటినది. అమ్ముడైన ఆవులలో అత్యధిక వెల పలికిన ఆవుగా గిన్నిస్ పుస్తకము కెక్కినది. మన ఊరి దొడ్డిలోని ఆవునకు వేలువిడిచిన చుట్టమే ఆ ఆవు.

అక్కడి పశుపాలనలో అంతయు మెచ్చదగినదే యని మేము అనము. పచ్చిక కొరకు అమెజాను అడవులను నరికివేయుట లోకమంతయు ఎరిగిన అపరాధము. అది ఆవు చేసినది కాదు, మనుష్యుడు చేసినది. ఆ జాతియందలి శక్తిని గుర్తించుట వేరు, ఆ శక్తిని వాడుకొన్న తీరు వేరు.

ఇక ఆ శక్తి ఎక్కడ ఉన్నదో చూతము. ఇది గొప్పలు చెప్పుకొనుట కాదు, శరీర ధర్మము. మూపురము గల పశువును మనుష్యుడు మచ్చిక చేసినది సింధునదికి పడమట మెహర్‌గఢ్ ప్రాంతమున, సుమారు ఎనిమిది వేల ఏండ్ల క్రిందట అని పురాతత్త్వజ్ఞులు చెప్పుచున్నారు. అన్ని వేల ఏండ్లు ఎండలో బ్రతికిన ఒడలు అది. దాని చెమట గ్రంథులు పెద్దవి, దట్టమైనవి, చర్మపు పైభాగమునకు దగ్గరగా ఉండును. పొట్టి తెల్ల రోమము ఎండను తిప్పికొట్టును, నల్లని చర్మము సూర్యుని తీక్ష్ణతను ఓర్చుకొనును. గంగడోలు, వదులైన చర్మము ఒంటి వేడిమిని బయటికి పంపుటకు తోడ్పడును. అన్నిటికంటె ముఖ్యమైనది, విశ్రాంతిలో ఉన్నప్పుడు దాని శరీరమున పుట్టు వేడిమియే తక్కువ. చలిదేశమునుండి వచ్చిన హోల్‌స్టీన్ ఆవునకు ఇరువదియైదు డిగ్రీలు దాటినది మొదలు ఇబ్బంది ఆరంభమగును. మన రాయలసీమ మే నెలలో నలువది డిగ్రీలు మామూలు. ఆ ఎండలో హోల్‌స్టీన్ మేత తగ్గించును, రొప్పును, ఎద తప్పును, పాలు తగ్గును. దానికి కప్పు, పంకా, నీటి తుంపర కావలెను. నాటు ఆవునకు వేపచెట్టు నీడ చాలును.

రెండవది మేత. వర్షాధారపు రైతు ఇంట దొరకునది జొన్న చొప్ప, వరిగడ్డి, కంది పొట్టు, వేరుసెనగ కట్టె. ఈ ముతక మేతతో ఒడలు నిలుపుకొనగల పశువే అక్కడ పశువు. చిన్న ఒడలు, తక్కువ ఆకలి అక్కడ లోపములు కావు, గుణములు. మూడవది రోగము. పిడుదుల వలన వచ్చు థైలేరియా వంటి జ్వరములు సంకర జాతి దూడలను తీసికొనిపోవుచుండగా నాటు దూడలు చాలవరకు తట్టుకొనును. గాలికుంటు వచ్చినప్పుడు నాటు ఎద్దు నాలుగు దినములు కుంటి లేచును, సంకర ఆవు తరచుగా ఆ ఈతకు పాలే కోల్పోవును.

అయితే నాటు పశువునకు ఏ రోగమును అంటదని చెప్పుట అబద్ధము. 2019లో ఒడిషాలో మొట్టమొదట కనబడిన లంపీ చర్మవ్యాధి 2022లో గుజరాతు, రాజస్థానములలో విజృంభించి దేశములో లక్షకు పైగా పశువులను చంపినది. వానిలో నాటు ఆవులు విస్తారముగా ఉన్నవి. తరతరములుగా ఎరిగిన రోగమును తట్టుకొనుట వేరు, క్రొత్త శత్రువు వేరు. క్రొత్త రోగమునకు టీకాయే దిక్కు.

ఒంగోలు ఒక్కటియే మన పశువు కాదు. మనవారు స్థిరపడిన ప్రతి ప్రాంతమునందును ఆ నేల కన్న జాతి ఒకటి ఉన్నది. మనమున్న ఈ పాత మైసూరు సీమలో హళ్ళికారు ఉన్నది. బిగువైన ఒడలు, నిటారైన కొమ్ములు, చురుకైన నడక. దొడ్డబళ్ళాపురము వద్ద ఘాటీ సుబ్రహ్మణ్య జాతరలో ఈనాటికిని ఈ జతలను చూడవచ్చును. బేరమాడువారిలో తెలుగు మాట గట్టిగానే వినబడును. దానికి చుట్టమైన అమృతమహల్ జాతికి రాజుల చరిత్రయే ఉన్నది. చిక్కదేవరాజ ఒడెయరు కాలమున బెణ్ణె చావడి అను పేరుతో ఏర్పడిన మందకు టిప్పు సుల్తాను అమృతమహల్ అని పేరు పెట్టినాడు. ఫిరంగులు లాగుటకు, సేన సామానులు మోయుటకు ఆ ఎడ్లకు సాటి లేకుండెను. 1799 తరువాత ఆంగ్లేయులు ఆ మందను చేజిక్కించుకొన్నారు. పొదుపు పేరుతో 1860లలో అమ్మివేసి, సేనకు ఎడ్లు దొరకక మరల మందను కూర్చుకొన్నారు. అమ్ముట ఒక దినపు పని, కూర్చుట ఒక తరము పని అని అప్పుడే తెలిసినది.

తమిళనాటి కొంగు దేశమున కంగాయము జాతి ఉన్నది. దానితోపాటు కొరంగాడు అను పచ్చిక బీడు ఉన్నది. చుట్టును ముళ్ళకంచె పెంచి, లోపల గడ్డి, నడుమ తెల్లతుమ్మ చెట్లు ఉంచి, రైతులు స్వంత భూములలోనే తరతరములుగా కాపాడుకొనిన మేతభూమి అది. అక్కడి రైతుకు పశువు, గడ్డి, చెట్టు మూడును ఒకే ఆస్తి. ఒకటి పోయిన తక్కిన రెండును నిలువవు. బరంపురము తెలుగువారికి గంజాము సీమలోని ఘుముసరి ఆవు తెలియును. చిలుక సరస్సు ఒడ్డున ఉన్న గేదెలు రాత్రివేళ ఉప్పునీటిలోనికి దిగి నాచు, గడ్డి మేసి తెల్లవారి గట్టెక్కును. ఆ ఉప్పునీటిలోనికి హర్యానా ముర్రాగేదెను దింపి చూడుడు! మరాఠ్వాడాలో, దానికి ఆనుకొనిన బీదరు, తెలంగాణపు అంచులలో దేవణి జాతి పాలకును పనికిని రెంటికిని వచ్చును.

గొఱ్ఱెలను మరువరాదు. తెలంగాణము, మహారాష్ట్రము, ఉత్తర కర్ణాటకములలో తిరుగు దక్కని గొఱ్ఱె నల్లని ముతక ఉన్ని ఇచ్చును. ఆ ఉన్నితో కుఱుమలు నేసినదే గొంగడి. వానకు గొడుగు, చలికి దుప్పటి, నేలకు పరుపు, మోతకు మూట. ఆ గొఱ్ఱె వందల మైళ్ళు నడువగలదు, మంద పెట్టిన చేనికి ఎరువు వేయగలదు. మాంసపు ధర పెరిగిన కొలది కాపరులు పొడవైన నెల్లూరు పొట్టేళ్ళను దాటించినారు. నెల్లూరు గొఱ్ఱెయు మనదే. పల్ల, జొడిపి, డోర అని మూడు తెగలున్న గొప్ప జాతియే. కాని దానికి ఉన్ని లేదు. రెండు తరములలో మంద ఎత్తు పెరిగినది, ఉన్ని పోయినది, గొంగడి మగ్గము మూలపడినది. ఒక నాటు జాతిని మరియొక నాటు జాతియే మింగివేయవచ్చునని దీనివలన తెలియుచున్నది. స్థానిక జాతి యనగా స్వదేశపు జాతి యనుట చాలదు. ఆ చోటి పనికి తగిన జాతి యని అర్థము చెప్పుకొనవలెను.

ఇన్ని గుణములున్న పశువులు ఎందుకు తగ్గినవి? జెర్సీ ఆబోతు వచ్చి మన ఆవులను పాడుచేసినదని పలువురు అందురు. అది సగము నిజము. కోస్తా ఆంధ్రములో ఒంగోలు ఆవును తోసివేసినది జెర్సీ కంటె ముర్రా గేదె, ట్రాక్టరు. నాగార్జునసాగరు నీరు పారి మెట్ట మాగాణియైనది. బీడు పోయినది, పైరు మార్పు వచ్చినది. పాలకు గేదెను ఉంచుకొని, దుక్కికి ట్రాక్టరును బాడుగకు పిలిచిన రైతునకు ఒంగోలు జతను మేపుట భారమైనది. ఎద్దునకు పని పోయినప్పుడు కోడెదూడకు వెల పోయినది. కోడెదూడకు వెల లేనిచో దానిని కన్న తల్లికి దొడ్డిలో చోటు లేదు. ఎద్దు ఏడ్చిన సేద్యము బాగుపడదని మన సామెత. నేడు ఏడ్చుటకు ఎద్దే లేకుండ పోవుచున్నది. బండలాగుడు పందెములకు పెంచు కొద్ది జతలు మాత్రము బాదములు, ఉలవలు తిని మెరయుచున్నవి. పందెపు జత పదుగురి కన్నులకు పండువు, కాని జాతిని నిలుపునది పందెపు జత కాదు; వేయి ఇండ్లలో ఈను ఆవులు.

ఊరి ఆబోతు పోవుట మరియొక దెబ్బ. పూర్వము ఒంగోలు సీమలో పెద్దలు గతించినప్పుడు వారి పేర ఒక కోడెను దేవునికి అచ్చు వేసి విడుచు ఆచారము ఉండెను. ఏ కోడె పడితే ఆ కోడె కాదు. ఊరి పెద్దలు దూడ తల్లిని, తండ్రిని, నడకను, మూపురమును పరీక్షించి సరే యన్న దానినే విడుచువారు. అది ఊరి పైరులలో మేసినను ఎవరును కొట్టరు. శాస్త్రజ్ఞులు నేడు ఎంపిక అనుదానిని ఆ రైతులు పుణ్యము అనుకొనిరి. పేరు ఏదైనను పని జరిగినది. ఆ ఆచారము సన్నగిల్లి, మేత భూములు ఆక్రమణలకు పోయి, గొట్టములోని వీర్యము వచ్చిన తరువాత ఎంపిక ఊరి చేతినుండి జారిపోయినది.

మేత భూముల మాట వచ్చినది గనుక మరియొకటి చెప్పవలెను. అమృతమహల్ మందలకు ఈ రాష్ట్రములో కావలులు అను విశాలమైన బీడులు ఉండెడివి. అవి క్రమక్రమముగా సాగునకు, ఇండ్లకు, పరిశ్రమలకు పోయినవి. చిత్రదుర్గ జిల్లా చళ్ళకెరె వద్ద మిగిలిన కావలులలో వేల ఎకరములను 2010 ప్రాంతమున రక్షణ, విజ్ఞాన సంస్థలకు కేటాయించినారు. దేశమునకు ఆ సంస్థలు అక్కరలేదని ఎవరును అనరు. కాని బీడును ఊరక పడియున్న భూమి యని వ్రాసికొనుట తప్పు. అది ఊరక పడియున్న భూమి కాదు. అక్కడ పశువు, గొఱ్ఱె, కృష్ణజింక బ్రతుకుచున్నవి.

లెక్కలు చూతము. 2019 పశుగణన ప్రకారము దేశములో నాటు ఆవులు, ఎద్దులు సుమారు 14 కోట్ల 20 లక్షలు. అంతకుముందు 2012 గణనతో పోల్చిన నూటికి ఆరు తగ్గినవి. విదేశీ, సంకర జాతులు 5 కోట్లు దాటినవి, వేగముగా పెరుగుచున్నవి. నాటు లెక్కలోనైనను ఎక్కువ భాగము జాతి యేదో చెప్పలేని కలగలుపు పశువులే. పేరు గల జాతులకు మిగిలినది అందులో చిన్న భాగము.

సంకర జాతిని మేము తిట్టబోము. న్యాయము చెప్పవలెను గదా. నాటు ఆవు సగటున దినమునకు మూడు నాలుగు లీటర్లు ఇచ్చుచుండగా సంకర ఆవు ఏడెనిమిది లీటర్లు ఇచ్చుచున్నది. కోలారు జిల్లాలో గొట్టపుబావి నీటితో పచ్చిగడ్డి పెంచి, సహకార సంఘమునకు పాలు పోసి, ఆ సొమ్ముతో ఆడపిల్లలను చదివించిన తల్లులు వేలకు వేలున్నారు. వారి చేతిలోని చెంబును లాగుకొనుటకు మనమెవరము? నీరు, పచ్చిమేత, పశువైద్యుడు, పాల బండి, ఈ నాలుగును చేరువగా ఉన్నచోట సంకర ఆవు లాభమే. ఆ నాలుగింటిలో ఏ రెండు లేకున్నను ఆ ఆవే అప్పుగా మారును. చిక్కంతయు ఒకే మందు అందరికి పోయుటలో వచ్చినది. అనంతపురము బీడునకు, కోనసీమ కాలువకు ఒకే పశువును సిఫారసు చేయుట వైద్యము కాదు. పైగా గొట్టపుబావులు ఎండి, వేసవులు మునుపటికంటె వేడెక్కుచున్న ఈ కాలమున, నేడు సంకర ఆవునకు అనుకూలమైన చోట రేపు అట్లే ఉండునని ఎవరు పూచీపడగలరు? అప్పుడు ఎండకు ఓర్చు రక్తము కావలసివచ్చిన, ఎక్కడినుండి తెత్తుము? బ్రెజిలు నుండియా?

ఇది పరిహాసము కాదు. మన గిరు ఆవును హోల్‌స్టీనుతో కలిపి బ్రెజిలువారు గిరోలాండో అను పాలజాతిని నిలకడగా తయారుచేసికొన్నారు. ఆ దేశపు పాలలో అధిక భాగము ఆ జాతిదే. వారు సంకరమును విడువలేదు, శుద్ధ జాతిని విడువలేదు. శుద్ధ జాతి ఒక చేత లేనిచో సంకరమునకు మరియొక చేయి ఎక్కడిది? మనము విత్తును తినివేసి పంట ఎట్లని అడుగుచున్నాము.

ఇక రెండవ వైపు ప్రమాదము. అది నిర్లక్ష్యము కాదు, అతి పొగడ్త. నాటు ఆవు పాలలో ఏ2 గుణమున్నదని, సర్వరోగములు పోవునని చెప్పి మూడింతల ధరకు అమ్మువారున్నారు. అట్టి లాభములను తిరుగులేకుండ నిరూపించిన పరిశోధన లేదు. 2024 ఆగస్టులో ఆహార ప్రమాణముల సంస్థ ఆ పేరును పొట్లములమీద వేయరాదని ఆజ్ఞాపించి, కొద్ది దినములలోనే ఆ ఆజ్ఞను వెనుకకు తీసికొన్నది. నిజమైన గుణములు ఇన్ని ఉండగా లేని గుణములు కట్టబెట్టుట ఎందులకు? అబద్ధము బయటపడిననాడు నిజమును కూడ ఎవరును నమ్మరు.

మన పొరుగున, ముళబాగిలు దాటగానే ఉన్న పుంగనూరు ఆవు సంగతి చూడుడు. సుమారు మూడడుగుల ఎత్తు, కొద్ది మేత, పేదవాని దొడ్డికి సరిపోవు ఆవు. ఒకప్పుడు అంతరించిపోవు దశకు వచ్చినది. పలమనేరు పరిశోధనా క్షేత్రమువారు కొన్నిటిని నిలుపుకొన్నారు. నేడు దానికి పట్టణములలో మోజు పుట్టి లక్షలు పలుకుచున్నది. ప్రాణము నిలిచినదని సంతోషింపవలసినదే. కాని నునుపు రాతి గచ్చుమీద తివాచీపై పెరుగు ఆవు, ఎంత పొట్టిదైన అంత వెల యను బేరము, జాతి గుణమును కాపాడవు. చిత్తూరు మెట్టలో ఎండుగడ్డి మేసి పాలిచ్చుట దాని విద్య. ఆ విద్యను వాడనిచో రెండు మూడు తరములలో మిగులునది బొమ్మయే. పేదవాని ఆవు పేదవానికి అందని వెలకు పోయినది, ఇదొక వింత.

మరి చేయదగినదేమి? చేసి చూపినవారు ఉన్నారు. కేరళలో వెచూరు అను పొట్టి ఆవు దాదాపు కనబడకుండ పోయిన కాలమున, 1989లో అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయపు అధ్యాపకురాలు సోసమ్మ ఐప్ తన విద్యార్థులతో కలిసి ఊరూర వెదకి, కొద్దిపాటి ఆవులను ప్రోగుచేసి ఒక మందను నిలబెట్టినారు. విమర్శలు వచ్చినవి, ఆటంకములు వచ్చినవి. ఆమె వదలలేదు. నేడు ఆ జాతి రైతుల ఇండ్లలో తిరుగుచున్నది. 2022లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ ఇచ్చినది. ఒక అధ్యాపకురాలు, కొందరు పిల్లలు, కొన్ని ఆవులు. ఇంతటితోనే ఆరంభమైనది.

ప్రభుత్వపు పక్షమున కూడ పని జరుగుచున్నది. పశుజాతుల జాతీయ సంస్థ 1984లో ఈ బెంగుళూరులోనే పుట్టి, మరుసటి యేడు హర్యానాలోని కర్నాలుకు పోయినది. ఇప్పటికి ఏబదికి పైగా ఆవు జాతులను గుర్తించి నమోదు చేసినది. గుంటూరు వద్ద లాంలో, నెల్లూరు జిల్లా చింతలదేవిలో ఒంగోలు మందలు ఉన్నవి. లాంలో పిండమార్పిడి పద్ధతిచేత ఒంగోలు దూడలను పుట్టించినారు. అజ్జంపురలో అమృతమహల్ మంద ఉన్నది. ఇవన్నియు మంచివే. కాని ప్రభుత్వపు దొడ్డిలో నూరు ఆవులు ఉండుట మ్యూజియములో నాణెము ఉండుట వంటిది. నాణెము చెల్లవలెనన్న బజారులో తిరుగవలెను.

అందుచేత మేము నాలుగు మాటలు మనవి చేయుదుము.

ఒకటి, వ్రాత. ఏ జాతియైనను పుస్తకములో తల్లి పేరు, తండ్రి పేరు, ఈతలు, పాలు, పని వ్రాసికొనక బాగుపడలేదు. జాతి సంఘములు రైతులవిగా ఉండవలెను. వంశము తెలిసిన కోడెకు మంచి వెల రావలెను.

రెండు, వెల. నాటు పశువు ఇచ్చునది పాలు మాత్రమే కాదు గనుక తక్కిన వానికిని ధర కట్టవలెను. పేడ ఎరువునకు, గొంగడికి, ఎద్దు గానుగ నూనెకు, జత బాడుగకు వెల వచ్చిన రైతు తనంతట తానే ఉంచుకొనును. వెల లేని ప్రేమ రెండు ఎండకాలములు నిలువదు.

మూడు, మేత. ఊరి బీడులను, కావలులను, చెఱువు గట్లను ఆక్రమణలనుండి కాపాడనిచో పశువును గూర్చిన ఉపన్యాసములన్నియు గాలి మాటలే.

నాలుగు, చోటు తెలిసి సిఫారసు. నీరున్నచోట సంకరము ఉండనిండు. మెట్టలో, కొండలో, ఉప్పునేలలో ఆ నేల జాతినే మెరుగుపరుపనిండు. ఏ రైతు ఏ పశువును ఉంచవలెనో అతని మేత, నీరు, చేతిలోని పైకము చూచి చెప్పవలెను గాని, పై నుండి వచ్చిన లక్ష్యము చూచి కాదు.

ఇందులో మన సంఘము చేయగలది కూడ ఉన్నది. మనలో పెక్కుమందికి స్వగ్రామములలో భూములున్నవి, చాలవరకు కౌలుకు ఇచ్చినవి. సంక్రాంతికి పోయి గుడికి చందా ఇచ్చి వచ్చుచున్నాము. ఈసారి పోయినప్పుడు ఊరికి ఒక మంచి ఆబోతు ఉన్నదా యని అడుగుడు. లేనిచో పెద్దల పేర ఒకదానిని కొని, పోషణకు ఏర్పాటు చేసి, దాని వంశపు కాగితము పంచాయతీలో ఉంచుడు. పూర్వులు అచ్చు వేసి విడిచినది ఇదే. నలుగురు కలిసిన ఖర్చు మీదపడదు. ఇక్కడ పుట్టిన పిల్లలను వేసవిలో ఒకసారి ఘాటీ జాతరకో, అజ్జంపురకో తీసికొనిపోయి చూపుడు. జాతర వేసవిలో జరుగదు గదా యందురేమో. అది మార్గశిర పుష్యములలో వచ్చును, అప్పుడే పొండు. గిత్త, కోడె, పెయ్య, పడ్డ, ఆబోతు అను మాటలకు పుస్తకములో అర్థము చెప్పుట కష్టము. దొడ్డిలో చెప్పుట తేలిక.

పెరటిచెట్టు మందునకు రాదని మనవారి సామెత. ఒంగోలు గిత్త సముద్రము దాటి పరాయి పెరటిలో మందైనది. పుట్టిన పెరటిలో దానికి ఇంకను వేరు ఉన్నది, ఎండలేదు. నీరు పోయవలసిన చేతులు మనవి. ఈ సంవత్సరము మన పల్లెలలో పాడి, పంట నిండుగా ఉండవలెనని కోరుచున్నాము.